ముప్పై స్విచ్చుల ముందు

తప్పు జవాబు చెప్పినప్పుడల్లా ఎదుటి మనిషికి కరెంటు షాక్ ఇవ్వాలి. ప్రతి తప్పుకూ మోతాదు పెంచుతూ పోవాలి. ఒక శాస్త్రవేత్త ఇలా ఆదేశిస్తే మామూలు మనుషులు ఎంతదూరం వెళ్తారు? 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త ఈ ప్రశ్న పట్టుకున్నారు. ముందు నోటితోనే అడిగి చూశారు. సైకాలజీ చదువుతున్న 14 మంది ఆఖరి సంవత్సరం విద్యార్థులకు పరిస్థితంతా వివరించి, వందమందిలో ఎందరు చివరి మోతాదు దాకా వెళ్తారో చెప్పమన్నారు. ముగ్గురికి మించి ఎవరూ చెప్పలేదు. సగటున చూస్తే 1.2 శాతం. మానసిక వైద్యులను అడిగితే వెయ్యిలో ఒక్కరేమో అన్నారు. ప్రయోగం చేసి చూస్తే 40 మందిలో 26 మంది చివరి స్విచ్చు దాకా వెళ్లారు.

మనస్తత్వ శాస్త్రానికి ప్రయోగం ఎందుకు అవసరమో చెప్పడానికి నాకు ఇంతకన్నా బలమైన ఉదాహరణ తెలియదు. మనుషుల గురించి తెలుసుకోవడానికి వేరే దారులూ ఉన్నాయి. ప్రశ్నావళి ఇచ్చి అడగవచ్చు, దూరం నుంచి గమనించవచ్చు, ఒకే మనిషి జీవితాన్ని లోతుగా పరిశీలించవచ్చు. రెండు విషయాలు కలిసి పెరుగుతున్నాయా తరుగుతున్నాయా అని లెక్కగట్టవచ్చు, దాన్నే సహసంబంధం అంటారు. ఫోను ఎక్కువగా చూసే పిల్లలు తక్కువ నిద్రపోతున్నారని లెక్క తేలిందనుకుందాం. ఫోను వల్ల నిద్ర తగ్గిందా, నిద్ర పట్టక ఫోను చూస్తున్నారా, ఇంట్లోని మరేదో కలత ఈ రెండింటికీ కారణమా అన్నది ఆ లెక్క చెప్పలేదు. కారణం తేలాలంటే పరిశోధకుడు ఒక్క అంశాన్ని తన చేతులతో మార్చాలి, మిగతావన్నీ కదలకుండా ఉంచాలి, అప్పుడు ఏం మారిందో చూడాలి. మార్చేదాన్ని స్వతంత్ర చరం అనీ, దాన్నిబట్టి మారేదాన్ని పరతంత్ర చరం అనీ మన పాఠ్యపుస్తకాలు పిలుస్తాయి. పేర్లు గుర్తుండకపోయినా ఫరవాలేదు, ఆ పద్ధతి గుర్తుంటే చాలు.

మిల్‌గ్రామ్ తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదు దంపతుల కొడుకు. లక్షల మందిని చంపే యంత్రాంగాన్ని నడిపిన నాజీ అధికారి అడాల్ఫ్ ఐక్‌మన్ మీద జెరూసలెంలో విచారణ నడుస్తున్న ఏడాది 1961. తాను పైవాళ్ల ఆజ్ఞలనే పాటించానన్నది ఐక్‌మన్ వాదన. ఆజ్ఞ ఒక మామూలు మనిషి చేత ఏమేం చేయించగలదన్నది మిల్‌గ్రామ్‌కు పుస్తకాల్లో చదివిన ప్రశ్న కాదు.

ఆ ఏడాది జూన్‌లో యేల్ ఉన్న న్యూ హేవెన్ ఊరి పత్రికలో ఒక ప్రకటన వచ్చింది. జ్ఞాపకశక్తి మీద అధ్యయనానికి 500 మంది మగవాళ్లు కావాలి, గంటసేపటి పనికి 4 డాలర్లు, దారిఖర్చులకు 50 సెంట్లు ఇస్తామని దాని సారాంశం. వచ్చినవాళ్లలో గుమాస్తాలు, కూలీలు, సేల్స్‌మన్‌లు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు ఉన్నారు. ప్రయోగశాలలో వాళ్లకు మరో ‘అభ్యర్థి’ని పరిచయం చేసేవారు. 47 ఏళ్ల, చూడగానే మంచివాడనిపించే మనిషి. నిజానికి అతను మిల్‌గ్రామ్ ముందే కుదుర్చుకున్న అకౌంటెంటు. ఎవరు టీచరో, ఎవరు నేర్చుకోవాలో చీటీలు తీసి తేల్చేవారు. రెండు చీటీల మీదా ‘టీచరు’ అనే ఉండేది. అకౌంటెంటు తనకు రెండోది వచ్చిందని చెప్పేవాడు. అతన్ని పక్క గదిలో కుర్చీకి పట్టీలతో కట్టి, చేతికి తీగ బిగించేవారు. టీచరు ముందు 30 స్విచ్చుల యంత్రం ఉండేది. 15 వోల్టుల దగ్గర మొదలై, స్విచ్చుకు 15 చొప్పున పెరుగుతూ 450 దగ్గర ముగుస్తుంది. నమ్మకం కుదరడానికి టీచరుకు 45 వోల్టుల షాక్ ఒకటి నిజంగానే రుచి చూపించేవారు. ఆ తర్వాత అంతా నటనే, అవతలి మనిషికి ఏ షాకూ తగిలేది కాదు.

1963లో అచ్చయిన మొదటి ప్రయోగంలో 300 వోల్టుల దగ్గర పక్క గది గోడ మీద దబదబ బాదిన చప్పుడు వస్తుంది. 315 దగ్గర మరోసారి. ఆపైన నిశ్శబ్దం. జవాబు రాకపోతే తప్పు జవాబుగానే లెక్కేసి తర్వాతి స్విచ్చు నొక్కమంటాడు బూడిదరంగు కోటు వేసుకున్న ప్రయోగకర్త. టీచరు తటపటాయిస్తే చెప్పడానికి నాలుగు మాటలు వరసగా రాసి ఉంచారు. మొదటిది, దయచేసి కొనసాగించండి. నాలుగోది, మీకు వేరే దారి లేదు, కొనసాగించి తీరాలి. నాలుగోదానికీ ఒప్పుకోకపోతే ప్రయోగం ఆపేయాలి. 300 వోల్టుల లోపు ఒక్కరూ ఆగలేదు. సరిగ్గా అక్కడ ఐదుగురు ఆగారు.

40 మందిలో 26 మంది అంటే 65 శాతం. జనం నోట నలిగేది ఈ అంకే. పద్ధతి దృష్టితో చూస్తే దీనికంటే విలువైనవి ఆ తర్వాతి మార్పులు. ఒక్క పరిస్థితిలో వచ్చిన ఒక్క సంఖ్యను దేనితోనూ పోల్చలేం, కాబట్టి అది కారణం చెప్పదు. అందుకే మిల్‌గ్రామ్ ఒక్కో అంశాన్నీ మారుస్తూ పోయారు. అవతలి మనిషిని అదే గదిలోకి తెచ్చి కూర్చోబెడితే చివరిదాకా వెళ్లినవాళ్లు 40 శాతానికి తగ్గారు. అతని చేతిని తానే పట్టుకుని షాక్ పలక మీద పెట్టాల్సి వచ్చినప్పుడు 30 శాతమే. ప్రయోగకర్త గదిలోంచి వెళ్లిపోయి ఫోనులో ఆదేశాలిస్తే దాదాపు ఐదో వంతు. యేల్ పేరు లేకుండా బ్రిడ్జిపోర్టులో ఒక మామూలు ఆఫీసులో చేస్తే 47.5 శాతం. పక్కన కూర్చున్న ఇద్దరు తోటి ‘టీచర్లు’ మేం చేయమని లేచిపోతే 40 మందిలో నలుగురే మిగిలారు. ఆడవాళ్లతో చేసినప్పుడు మళ్లీ 65 శాతమే వచ్చింది. మనిషి లోపల క్రూరత్వం ఎంతుందో ఈ అంకెలు చెప్పడం లేదు. బాధపడేవాడు ఎంత దగ్గరున్నాడు, ఆజ్ఞ ఇచ్చేవాడు ఎంత దగ్గరున్నాడు, పక్కవాడు ఏం చేస్తున్నాడు అన్నవాటిని బట్టి అదే మనిషి ప్రవర్తన ఎంత మారుతుందో చెబుతున్నాయి.

ఇక ఆ గదిలో కూర్చున్న మనుషుల సంగతికి వద్దాం. వాళ్లకు చెమటలు పట్టాయి, వణికారు, పెదవులు కొరుక్కున్నారు, నత్తి వచ్చింది. 40 మందిలో 14 మందికి ఆపుకోలేని పిచ్చినవ్వు వచ్చింది. ముగ్గురికి ఒళ్లు అదుపు తప్పేంతగా మూర్ఛలాంటిది వచ్చింది. నిబ్బరంగా నవ్వుతూ లోపలికి వచ్చిన ఒక వ్యాపారి 20 నిమిషాల్లో మాట తడబడి, కుప్పకూలే స్థితికి చేరడం ఒక పరిశీలకుడు చూశాడు. ఇదంతా మిల్‌గ్రామ్ తన వ్యాసంలో తానే రాశారు. ప్రయోగం ఎంత బలంగా పనిచేసిందో చూపడానికి రాశారు.

చదివినవాళ్లలో డయానా బౌమ్‌రిండ్ ఒకరు. పిల్లల పెంపకం మీద పరిశోధనలతో తర్వాత ప్రపంచ ప్రసిద్ధులైన ఆమె, 1964లో అమెరికన్ సైకాలజిస్ట్ పత్రికలో ఒక విమర్శ రాశారు. శాస్త్రవేత్త మీద నమ్మకంతో వచ్చినవాళ్లను ఇలా నలగ్గొట్టడానికి, తమ గురించి తామే భరించలేని సంగతి వాళ్ల నెత్తిన పెట్టి పంపడానికి మీకు హక్కు ఎక్కడిదన్నది అందులో ఒక భాగం. రెండో భాగాన్ని చాలామంది మరిచిపోతారు. ప్రయోగశాలకు వచ్చిన మనిషికి ఆ చోటు కొత్త, అక్కడి పద్ధతులు తెలియవు, ఏం చేయాలన్నా ప్రయోగకర్త మొహం చూడాల్సిందే, కాబట్టి విధేయతను కొలవడానికి అది సరైన చోటే కాదన్నారామె. నమ్మి వచ్చినవాడి నమ్మకాన్ని వాడుకుని తెచ్చిన ఫలితం, ఆ నమ్మకాన్నే కొలిచి ఉండవచ్చు. నీతి ప్రశ్ననూ పద్ధతి ప్రశ్ననూ ఆమె ఒకే వాక్యంలో అడిగినట్టు నాకు అనిపిస్తుంది. ఈ అధ్యాయమంతా ఆ ఆలోచనకు రుణపడి ఉంది.

మిల్‌గ్రామ్ జవాబు చెప్పారు. పాల్గొన్నవాళ్లకు తర్వాత ప్రశ్నావళి పంపితే 84 శాతం మంది పాల్గొన్నందుకు సంతోషమేనన్నారు, విచారిస్తున్నామన్నవాళ్లు 1.3 శాతం. దీన్ని తీసిపారేయలేం. కొందరు తమ గురించి తాము నేర్చుకున్నామని నిజంగానే రాశారు. కానీ ఇక్కడ ఒక చిక్కుంది. మనుషుల నోటిమాటను బట్టి వాళ్ల ప్రవర్తనను అంచనా వేయలేమని లోకానికి రుజువు చేసిన ప్రయోగానికి, చివరికి రక్షణగా నిలిచింది మనుషుల నోటిమాటే. ఒక కష్టం పడ్డవాడు అది వృథా కాదని నమ్మాలనుకుంటాడు. ఆ సంతోషంలో ఈ కోరిక ఎంతుందో ప్రశ్నావళి చెప్పలేదు.

ఇంకా బరువైన సంగతి దశాబ్దాల తర్వాత బయటపడింది. ఆస్ట్రేలియాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త, రచయిత్రి జీనా పెర్రీ యేల్‌లో భద్రపరిచిన టేపులు విని, కాగితాలు చదివి, పాల్గొన్నవాళ్లలో కొందరిని వెతికి పట్టుకుని మాట్లాడి ఒక పుస్తకం రాశారు. ప్రయోగం అయ్యాక అసలు విషయం విడమరిచి చెప్పి పంపామని మిల్‌గ్రామ్ అచ్చులో చెప్పుకున్నారు. నిజానికి చాలామందికి ఆరోజు చెప్పింది సగమే. అవతలి మనిషి బయటికి వచ్చి, తనకేం కాలేదని చేయి కలిపి వెళ్లేవాడు, షాకులన్నీ అబద్ధమని మాత్రం చెప్పలేదు. పూర్తి వివరం నెలల తర్వాత, 1962లో, పోస్టులో అందింది. అన్ని నెలలు ఒక మనిషిని నిజంగానే హింసించానన్న భారంతో బతికినవాళ్లున్నారు. ఎందుకు దాచారు? న్యూ హేవెన్ చిన్న ఊరు. ఒకరికి చెబితే ఊరంతా పాకుతుంది, తర్వాత వచ్చేవాళ్లు తెలిసే వస్తారు. పద్ధతి పరంగా ఆ భయం న్యాయమైనదే. దానికి మూల్యం ఎవరు చెల్లించారన్నదే ప్రశ్న.

పద్ధతైనా దక్కిందా అంటే, పూర్తిగా దక్కలేదు. టేపుల్లో ప్రయోగకర్త ఆ నాలుగు మాటలకే కట్టుబడి ఉండడు. మనిషి కాదన్నా, మళ్లీ కాదన్నా, ఏదో ఒకటి కల్పించి చెప్పి ఒత్తిడి పెడుతూనే ఉంటాడు. అందరికీ ఒకే తీరున ఒకే ఒత్తిడి ఉండాలన్నది ప్రయోగానికి ప్రాణం. ఒకరికి నాలుగు మాటలు, మరొకరికి అంతకు ఎన్నోరెట్లు చెబితే ఇద్దరి ఫలితాలనూ ఒక గాటన కట్టలేం. కాదన్నవాడి మాటను గౌరవించకపోవడం మొదట నీతి దోషం. అక్కడికక్కడే అది కొలత దోషం కూడా అయింది.

నమ్మకం సంగతీ అంతే. షాకులు నిజమని పూర్తిగా నమ్మామన్నవాళ్లు సగానికి కాస్త పైన, 56 శాతం. నమ్మినవాళ్లు ఎంతదూరం వెళ్లారు, అనుమానపడ్డవాళ్లు ఎంతదూరం వెళ్లారు అని 1962లోనే మిల్‌గ్రామ్ సహాయకుడు టకెటో మురాటా విడివిడిగా లెక్కగట్టారు. చాలా పరిస్థితుల్లో, నిజమని నమ్మినవాళ్లే ఎక్కువగా ఎదురుతిరిగారు. 65 శాతం అన్న ఆ పేరుమోసిన అంకెకు అర్థమే మార్చగల లెక్క ఇది. మిల్‌గ్రామ్ దాన్ని ప్రచురించలేదు.

నచ్చిన లెక్క అచ్చుకు వెళ్లి, నచ్చనిది సొరుగులో ఉండిపోవడం ఆ ఒక్కరి అలవాటు కాదు. 2015లో పెద్ద పరిశోధకుల బృందం ఒకటి పేరున్న పత్రికల్లో వచ్చిన 100 మనస్తత్వ అధ్యయనాలను మళ్లీ చేసి చూసింది. మొదటిసారి 97 శాతం గణాంకాలపరంగా నిలిచిన ఫలితాలు చూపాయి. రెండోసారి 36 శాతమే. ఆ దెబ్బ తర్వాతే ముందస్తు నమోదు బాగా ఊపందుకుంది. అంటే, ఏ ఊహను పరీక్షిస్తున్నాం, ఎంతమందిని తీసుకుంటాం, లెక్క ఏ రకంగా కడతాం అన్నది ప్రయోగం మొదలుకాకముందే అందరూ చూడగలిగే చోట రాసి పెట్టడం. పాల్గొన్నవాడు తన గంట కాలాన్ని, ఒక్కోసారి తన మనశ్శాంతిని కూడా ఇచ్చాడు. దాన్నుంచి వచ్చిన ఫలితాన్ని దాచేస్తే ఆ ఇచ్చినదంతా వ్యర్థం చేసినట్టే. కాబట్టి దీన్ని కూడా నీతి ప్రశ్నగానే చూడాలంటాను.

నియమాలు మిల్‌గ్రామ్ కాలానికి లేవనుకోకూడదు. నాజీ వైద్యుల మీద తీర్పుతో పాటు 1947లో వచ్చిన న్యూరెంబర్గ్ నియమావళిలో మొదటి సూత్రమే మనిషి స్వచ్ఛంద సమ్మతి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ మొదటి నీతి నియమావళి 1953 నాటిది. లేనిదల్లా, ముందుగా ఆగి పరిశీలించే వ్యవస్థ. పరిశోధకుడు తన ప్రయోగానికి తానే న్యాయమూర్తిగా ఉండేవాడు. టస్కీగీలో నల్లజాతి రైతుకూలీలకు సిఫిలిస్ వైద్యం అందకుండా 40 ఏళ్లపాటు గమనిస్తూ కూర్చున్న సంగతి 1972లో పత్రికలకెక్కాక అమెరికా కదిలింది. 1974లో చట్టం, 1979లో బెల్మాంట్ నివేదిక వచ్చాయి. వ్యక్తిని గౌరవించు, మేలు పెంచి కీడు తగ్గించు, భారాన్నీ ఫలాన్నీ న్యాయంగా పంచు అన్న మూడు సూత్రాలు అందులోవే. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ఆరోగ్యానికి సంబంధించిన సామాజిక, ప్రవర్తనా పరిశోధనలకూ వర్తిస్తాయి. నీతి సంఘంలో పరిశోధకులతో పాటు న్యాయం తెలిసినవారు, సామాజిక శాస్త్రం తెలిసినవారు, ఏ శాస్త్రంతోనూ సంబంధం లేని సామాన్యులు కూడా ఉండాలి.

కాగితం మీద సమ్మతి ఉన్నంత మాత్రాన అది సమ్మతి కాదని తెలుగు నేలకు బాగా తెలుసు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఇచ్చే అధ్యయనం జరిగింది. వారిలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే పేద, గిరిజన కుటుంబాల పిల్లలు. కొందరు బాలికల మరణాల తర్వాత 2010లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. తేలింది వేరే. 2013 నాటి పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. అది వైద్య అధ్యయనం, మనస్తత్వ ప్రయోగం కాదు. కానీ ప్రశ్నావళి పట్టుకుని హాస్టలుకు వెళ్లే ప్రతి సైకాలజీ పరిశోధక విద్యార్థీ నిలబడేది అదే గుమ్మంలో. హెడ్‌మాస్టారు సరేనన్నారు, పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టారు. మీ ఇంట్లో గొడవలవుతాయా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని కాగితం అడుగుతోంది. వద్దని లేచి వెళ్లగల పిల్ల ఆ గదిలో ఉందా? లేకపోతే ఆ కాగితం మీద రాసింది ఆ పిల్ల మనసా, వార్డెనుకు నచ్చుతుందనుకున్న జవాబా? అమ్మానాన్నల సమ్మతితో పాటు, ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా తీసుకోవాలని మన మార్గదర్శకాలు చెప్పడం పిల్లలకోసమే కాదు, ఆ సమాచారం నిజం కావడానికి కూడా.

మిల్‌గ్రామ్ ప్రయోగాన్ని ఇక ఎవరూ చేయలేరని చాలాకాలం అనుకున్నారు. కాలిఫోర్నియాలోని శాంటా క్లారా విశ్వవిద్యాలయంలో జెర్రీ బర్గర్ పాత సమాచారాన్ని దగ్గరగా చదివారు. అవతలి మనిషి గొంతు వినిపించేలా మార్చి చేసిన రూపంలో, అతను నన్ను వదిలేయండని మొదటిసారి అరిచేది 150 వోల్టుల దగ్గర. అది దాటినవాళ్లలో 79 శాతం మంది చివరిదాకా వెళ్లారు. అంటే కథ తేలేది అక్కడే. కాబట్టి ఎవరినీ 150 దాటనివ్వక్కర్లేదు. 2009లో అచ్చయిన ఆయన ప్రయోగంలో కలతకు లోనయ్యే అవకాశం ఉన్నవాళ్లను రెండు దశల్లో వడపోసి ముందే పక్కన పెట్టారు. ఎప్పుడైనా మానేయవచ్చు, డబ్బు మీదేనని మూడుసార్లు చెప్పారు. ప్రయోగకర్తగా కూర్చున్నది క్లినికల్ సైకాలజిస్టు. ఆపిన కొన్ని క్షణాల్లోనే నిజం చెప్పారు. ఇన్ని జాగ్రత్తల మధ్య కూడా 70 శాతం మంది 150 దాటడానికి సిద్ధపడ్డారు. మిల్‌గ్రామ్ దగ్గర ఆ మార్చిన రూపంలో అది 82.5 శాతం. ఆ జాగ్రత్తల వల్ల ఫలితం నీరుగారలేదు. పైగా కొత్త సంగతి ఒకటి దొరికింది. నాలుగో మాట, మీకు వేరే దారి లేదన్నది, విన్నాక ఒక్కరూ ముందుకు సాగలేదు. నాలుగింటిలో నికార్సైన ఆజ్ఞ అదొక్కటే. అలాంటప్పుడు మనుషులు ఆజ్ఞకు లొంగారా, లేక శాస్త్రానికి సాయం చేస్తున్నామన్న నమ్మకంతో సాగారా అన్న చర్చ మొదలై ఇప్పటికీ నడుస్తోంది.

అసలు అబద్ధమే చెప్పకుండా ఇది చేయగలమా అని మెల్ స్లేటర్ బృందం లండన్‌లో ప్రయత్నించి 2006లో ప్రచురించింది. అవతలి మనిషి కంప్యూటరు సృష్టించిన ఒక స్త్రీ బొమ్మ. అక్కడ మనిషి లేదు, షాకూ లేదు. పాల్గొన్న 34 మందికీ ఆ సంగతి మొదటినుంచీ తెలుసు. 11 మందికి ఆమె జవాబులు అక్షరాల్లో మాత్రమే వచ్చాయి, వాళ్లందరూ 20 షాకులూ ఇచ్చారు. మిగతా 23 మంది ఆమెను చూశారు, ఆమె గొంతు విన్నారు. బొమ్మే అని తెలిసినా వాళ్ల గుండె వేగం, చర్మం మీది చెమట నిజమైన కలతనే చూపించాయి. వాళ్లలో ఆరుగురు చివరిదాకా వెళ్లకుండా మధ్యలోనే ఆపేశారు.